వెనకే వచ్చే బండి

పెద్దాయన రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, కదలని కారులో కూర్చుని తాగుతాడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ ఏమీ అనరు. ఇంటినిండా కుర్చీలుండగా కారులో కూర్చోవడమేమిటని మొదట్లో ఆయన అక్క ఒకసారి అడిగింది. "కుర్చీలకు తలుపులుండవు" అన్నాడు. మళ్లీ ఆమె కూడా అడగలేదు.

కారు ఆయనది కాదు, భార్యది. రెండు తలుపుల బుడ్డ కారు. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమెతో పాటే అదీ ఆగిపోయింది. బ్రేకులు చక్రాలను కరుచుకుపోయాయి, టైర్లు నేలకు అతుక్కున్నాయి, బ్యాటరీ చచ్చిపోయింది. పైన దుమ్ము మాత్రం కనపడదు. ఆయన కూర్చునేది స్టీరింగు ముందు కాదు, పక్క సీట్లో.

ఆ రోజు కాఫీ సగం తాగాడో లేదో, వీధి మలుపులో రేకు డబ్బాలు దొర్లినట్టు చప్పుడైంది. చప్పుడు దగ్గరికొచ్చి వాకిట్లో ఆగింది. పెద్దాయన గ్లాసుతో సహా బయటికొచ్చాడు. కూతురు జీపు దిగుతోంది. జీపు వెనక కొక్కేనికి తగిలించి ఒక పాత ట్రైలరు. నేల చెక్కలు సగం పుచ్చి, సగం ఊడి ఉన్నాయి. ఒక చక్రం లోపలికి, ఒక చక్రం బయటికి చూస్తున్నాయి. వెనక మూల మట్టి పేరుకుని మోకాలెత్తు గడ్డి మొలిచింది.

పక్కింటి గోడ మీదుగా అక్క తల బయటికొచ్చింది. "ఏమే, పొలం కొన్నావా? పంట కూడా వచ్చిందే!"

"పొలం కాదత్తా, బండ్లు మోసే బండి" అంది కూతురు, చేతులు దులుపుకుంటూ.

"ముందు దీన్ని మొయ్యడానికి నలుగురు కావాలి."

పెద్దాయన ట్రైలరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి కింద చూశాడు. అతుకుల మీద వేలితో గీశాడు. నలభై ఏళ్లు వెల్డింగు చేసిన వేలు అది. "అతికినవాడికి కళ్లు లేవు. కొన్నదానికి బుద్ధి లేదు" అన్నాడు.

కూతురు నవ్వింది. ఆయన తిట్టాడంటే పని మీద మనసు పడ్డట్టేనని ఆమెకు తెలుసు. ఊరి చివర ఆమెకొక రిపేరు షాపుంది. కార్లు, వ్యాన్లు బాగుచేస్తుంది. పనిమంతురాలని పేరుంది గానీ పని చాలదు. "దారిలో ఆగిపోయిన బండి నా షాపు దాకా నడిచి రాదు కదా నాన్నా. ఎవడో ఎక్కించుకుపోయి వాడి షాపులో దించుకుంటున్నాడు. ఇలాగే ఇంకో ఏడాది సాగితే షాపు మూసెయ్యాల్సిందే. బండి దగ్గరికి నేనే వెళ్లాలి. ఇది బాగైతే చాలు."

"బాగుచేస్తే అవుతుంది. ఇనుము మంచిదే."

"అయితే షెడ్డులో పెట్టుకుందాం. మబ్బులు చూశావుగా. చెక్కలు తడిస్తే మళ్లీ పుచ్చుతాయి, తడి మీద వెల్డింగంటే నువ్వే నన్ను కొడతావు."

"షెడ్డులో కారుంది."

కూతురు ఊపిరి పీల్చుకుంది. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు అనాలి. "కారు... తుక్కు కొట్టాయన మళ్లీ అడిగాడు నాన్నా. అది నడిచేది కాదు. రెండేళ్లుగా దాని కోసం షెడ్డు మొత్తం..."

"ఆయన ఎలా పట్టుకుపోతాడట?"

"ఇక్కడే కోసి ముక్కలుగా తీసుకెళ్తానన్నాడు. లేదంటే గొలుసేసి ఈడ్చుకెళ్తాడు."

పెద్దాయన గ్లాసులో మిగిలిన కాఫీ ట్రైలరు మీది గడ్డిలో పారబోశాడు. "పని వాకిట్లోనే చేద్దాం. పైన టార్పాలిన్ పట్టా కడదాం. ముందు ఆ పంట కొయ్యి" అని లోపలికి వెళ్లిపోయాడు.

కూతురు గోడ వైపు చూసింది. "విన్నావా అత్తా? నేను రోడ్డున పడ్డా ఫర్వాలేదు, ఆ కారు మాత్రం నీడ పట్టున ఉండాలి."

"వాడు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నాలుగో కాలు చూపిస్తే అది కుందేలే కాదంటాడు" అంది అక్క. "నువ్వు ముందు వాడి చేత పని చేయించుకో. పోట్లాట ఎక్కడికీ పోదు."

*

పట్టా కుట్టింది అల్లుడు. అతను దర్జీ. ఇంటి ముందు గదే అతని దుకాణం. మెడలో టేపు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా ఉంటుందని భార్య అంటుంది. అతను మెత్తటివాడు, మామగారంటే భయం, అయినా పక్కనే ఉంటాడు.

మొదట ఇరుసు విప్పారు. బేరింగుల్లో గ్రీజు ఎండి బొగ్గు పొడిలా రాలింది. కొత్తవి వేసి గ్రీజు కూరారు. ఇరుసు వంకర తీయడానికి ఒక పూట పట్టింది, తీసినంతసేపూ పెద్దాయన దాన్ని మొదట వంచినవాడి వంశాన్ని తలుచుకున్నాడు. పుచ్చిన చెక్కలు తీసి మందపాటి పలకలు పరిచి బోల్టులు బిగించారు. వెనక రెండు ర్యాంపులు కీలు మీద దిగేలా పెట్టారు. ముందు ఒక వించ్, అంటే చేత్తో తిప్పితే ఇనుప తాడు చుట్టుకుంటూ బండిని పైకి లాగే గిలక. పాత అతుకులన్నీ గ్రైండరుతో కోసి మళ్లీ కొత్తగా అతికాడు పెద్దాయన. నిప్పురవ్వలు గోడ దాటి అక్క ఆరేసిన దుప్పటి మీద పడితే ఆమె రెండు రోజులు ఆ దుప్పటే కప్పుకుని తిరిగింది, అందరికీ చిల్లులు చూపించడానికి.

దీపాల పని అల్లుడు తీసుకున్నాడు. "దారం పనీ తీగ పనీ ఒకటే మామయ్యా. రంగు చూసి కలపడమేగా."

వెనక రెండు, పక్కల మడ్‌గార్డుల మీద చెరొకటి చిన్న దీపాలు పెట్టాడు. అద్దంలో చూస్తే అవి కనపడాలని పెద్దాయన పట్టుబట్టాడు. అంతా అయ్యాక కూతురు జీపెక్కి ఎడమ సిగ్నల్ వేసింది. కుడి దీపం మిణుకుమంది. కుడి వేస్తే ఎడమది వెలిగింది.

అక్క గోడ మీద చప్పట్లు కొట్టింది. "ఇంట్లో ఎలాగో బండికీ అలాగే. ఆమె ఎడమంటే ఆయన కుడంటాడు!"

"నేనెప్పుడన్నాను పెద్దమ్మా? ఆమె ఎటంటే అటే కదా నేను" అన్నాడు అల్లుడు, చెవులదాకా ఎర్రబడి. అప్పటికప్పుడే విప్పి మార్చాడు. ఈసారి సరిగ్గా వెలిగాయి. పెద్దాయన చూడనైనా లేదు. "తీగ దగ్గర ఒకసారి తప్పినవాడు ఎప్పుడూ తప్పుతాడు" అన్నాడు. ఆయన అలాంటివాడే. ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ రాయడు.

ఇక మిగిలింది అడ్డు కమ్మీ ఒకటే. ట్రైలరు మీదికెక్కిన బండి ముందు చక్రాలు ఎక్కడ ఆగాలో అక్కడ అడ్డంగా అతికే ఇనుప కమ్మీ అది. కూతురు షాపుకు బయల్దేరుతూ చెప్పింది: "అది నేనొచ్చాక చూద్దాం నాన్నా. చిల్లులు పెట్టి పిన్నులతో బిగిస్తే ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు."

"కదిలే అతుకు అతుకే కాదు."

"వచ్చాక మాట్లాడదాం."

ఆయన ఆగలేదు. ఆ మధ్యాహ్నం ఒక తాడు పట్టుకుని షెడ్డులోకి, షెడ్డు నుంచి ట్రైలరు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు. అక్క గోడ అవతల బట్టలు మడతపెడుతూ చూసింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆమె జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ. సాయంత్రానికి కమ్మీ పడింది. అతుకు చీమల బారులా ఉంది. నున్నగా, ఒకే వెడల్పున, ఎక్కడా తెగకుండా. కూతురు వచ్చి చూసి, కోపం తెచ్చుకోబోయి, ఆ అతుకు మీద చెయ్యి వేసి ఊరుకుంది.

*

మర్నాడు రొట్టెల దుకాణం ఆయన ఫోన్ చేశాడు. ఆయన వ్యాను దుకాణం ముందే ప్రాణం వదిలింది. మొదటి పని. కూతురు జీపుకు ట్రైలరు తగిలించింది. పెద్దాయన పక్క సీట్లో, అల్లుడు వెనక, బండిని కట్టేయడానికి తాను కుట్టిన పట్టీలన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చెల్లెలి పెళ్లికి వెళ్లేవాళ్లలా ఉన్నారు ముగ్గురూ.

ర్యాంపులు దించారు. అల్లుడు వించ్ తిప్పాడు. వ్యాను బుద్ధిగా పైకెక్కింది. ముందు చక్రాలు కమ్మీని తాకి ఆగాయి. వ్యాను పొడుగు. వెనక సగం ఇరుసుకు అవతలే ఉండిపోయింది. ట్రైలరు ఒకసారి మూలిగి వెనక్కి ఒరిగింది. ముందు జీపు కొక్కేనికి తగిలించిన ఇనుప మెడ పైకి లేచింది. దానితో పాటు జీపు వెనక భాగం లేచింది. జీపు వెనక చక్రాలు నేలకు బెత్తెడు ఎత్తున తీరిగ్గా తిరుగుతున్నాయి.

"ఎక్కండి! మెడ మీద ఎక్కండి!" అని కూతురు అరిచింది.

అల్లుడు ఎగిరి మెడ మీద కూర్చున్నాడు. జీపు కొంచెం దిగింది. అతను ఊపిరి తీసుకున్నాడు. జీపు మళ్లీ లేచింది.

"మీరింకొంచెం తిని ఉంటే బాగుండేది!"

"వడ్డిస్తే కదా తినేది!"

చుట్టూ జనం పోగయ్యారు. రొట్టెలాయన నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. "అమ్మా, నా బండి రిపేరుకు తీసుకెళ్తావా, ఉయ్యాలలూపుతావా? ఏదైనా ఫర్వాలేదు, టిక్కెట్టు పెడితే నాలుగు డబ్బులొస్తాయి."

వ్యానును మెల్లగా దించారు. రేపు పొద్దుటి లోపల షాపుకు చేరకపోతే వేరేవాళ్లను పిలుచుకుంటానని రొట్టెలాయన నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పినా అది చెప్పడమే. తిరుగు దారిలో పెద్దాయన కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. నలభై ఏళ్లలో ఆయన అతికింది ఏదీ నలుగురి ముందు నవ్వులపాలు కాలేదు.

ఇంటికి రాగానే కూతురు మొగుడి మెడలోంచి టేపు లాగింది. కమ్మీ నుంచి ఇరుసుకు, కమ్మీ నుంచి వెనక అంచుకు కొలిచింది. బరువు ఇరుసుకు కాస్త ముందు పడాలన్న సంగతి వాళ్లిద్దరికీ తెలిసిందే. మరి ఆయన ఏ బండికి లెక్క వేశాడు? ఇంత పొట్టి బండి ఎక్కడుంది? ఆమె చేతిలో టేపు ఆగిపోయింది. గబగబా షెడ్డులోకి వెళ్లింది. కారు ముందు చక్రం నుంచి వెనక చక్రానికి టేపు పట్టింది. మళ్లీ ట్రైలరు దగ్గరికొచ్చి కొలిచింది. కారు కొలతకూ కమ్మీ చోటుకూ వెంట్రుకవాసి తేడా లేదు.

"నాన్నా!"

పెద్దాయన మెట్ల మీద బూట్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"అమ్మ కారుకు కొలిచి కొట్టావు కమ్మీ."

"ఊఁ."

"నా షాపు బతకడానికి నేను బండి చేసుకుంటుంటే, నువ్వు నడవని కారుకు పీట వేశావా? దానికి షెడ్డు చాల్లేదా? ఇప్పుడు ట్రైలరు కూడా కావాలా? అమ్మ నీకొక్కడికే పోయిందా నాన్నా? నాకు పోలేదా?"

అల్లుడు ఏదో అనబోయి టేపు కోసం మెడ తడుముకున్నాడు. టేపు అక్కడ లేదు.

పెద్దాయన రెండో బూటు కూడా విప్పాడు. రెంటినీ పక్కపక్కన సరిగ్గా పెట్టాడు. "నువ్వేగా తుక్కుకిచ్చెయ్యమన్నావు" అన్నాడు.

"నువ్వు ఇవ్వనన్నావుగా!"

"ఎప్పుడన్నాను? పని మొదలుపెట్టమన్నాను." ఆయన మాటలు వెతుక్కున్నాడు. ఆయనకది అలవాటు లేని పని. "కోసి ముక్కలుగా పట్టుకుపోతానంటే నాకు నచ్చలేదు. గొలుసు కట్టి ఈడ్చుకుపోవడం అంతకన్నా నచ్చలేదు. ఆమె దాన్ని ఎప్పుడూ గీత పడకుండా నడిపింది. పోయేదేదో ఎక్కి కూర్చుని పోవాలి. నిటారుగా. అందుకని కొలిచాను."

గోడ అవతల బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు ఆగింది.

"ఇంకో బండి నా బుర్రలోకే రాలేదే" అన్నాడు పెద్దాయన. అన్ని బండ్ల కోసం చేసిన ట్రైలరు మీద ఒక్క బండినే చూశాడాయన. ఆ సంగతి ఆయనకు ఇప్పుడే, తన నోటితో తాను విన్నాకే, తెలిసినట్టుంది. మొహం అదోలా అయింది.

కూతురు మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. ఆమె చిన్నప్పుడు ఆయన పనికి వెళ్లే వ్యానులో సామాను పోను ఒక్క సీటే ఉండేది. అమ్మ కారు నేర్చుకుంది గానీ రోడ్డు భయం పోలేదు. ముందు ఆయన వ్యాను ఉంటే మాత్రం దాని వెనక ఎంత దూరమైనా నడిపేది. "మీరు ముందు పదండి, నేను మీ వెనకే" అనేది. ఆయన అద్దంలో ఆ బుడ్డ కారు కనిపిస్తూనే ఉండాలి. కనిపించకపోతే ఆగిపోయేవాడు. వెనకవాళ్లు హారన్లు కొట్టినా కదిలేవాడు కాదు.

"అద్దంలో కనపడేలా పక్క దీపాలు పెట్టించింది కూడా అందుకేనా?" అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ.

"దీపాలు రూలు. ఎవడికైనా ఉండాలి" అన్నాడాయన కసిరినట్టుగా. తర్వాత లేచాడు. "గ్రైండరు తే."

"ఎందుకు?"

"పిన్నులు పెట్టుకుందామన్నావుగా. జరిగే కమ్మీ."

గోడ మీదికి అక్క తల వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నా నోరు మామూలుగానే ఉంది. "కదిలే అతుకు అతుకే కాదన్నాడు, ఎవరో మహానుభావుడు!"

"నువ్వు దుప్పటి చూసుకో అక్కా. రవ్వలు లేస్తాయి."

చీమల బారులాంటి అతుకును తన చేత్తోనే కోసేశాడు. రెండు పక్కలా వరుసగా చిల్లులు పెట్టి, కమ్మీకి రెండు బలమైన పిన్నులు తగిలించాడు. పొట్టి బండికి ఒక చోట, పొడుగు బండికి ఒక చోట. చీకటి పడేలోపు అయిపోయింది. ఒక్క జత చిల్లుల చుట్టూ మాత్రం తెల్ల రంగు సున్నా చుట్టాడు అల్లుడు. ఎవరూ చెప్పకుండానే.

"రేపు పొద్దున ముందు అమ్మ కారు ఎక్కిద్దాం నాన్నా" అంది కూతురు.

"కాదు. రొట్టెలాయనకు మాటిచ్చాం. ముందు ఆయనది. మీ అమ్మ ఎప్పుడూ వెనకేగా వచ్చింది, ఇప్పుడూ వెనకే వస్తుంది."

*

రొట్టెలాయన వ్యాను తెల్లారేసరికి షాపులో దిగింది. ఈసారి జీపు చక్రాలు నేల వదల్లేదు. జనం కాస్త నిరాశపడ్డారు. రొట్టెలాయన వేడి రొట్టెల పొట్లం ఒకటి అల్లుడి చేతిలో పెట్టి, "బాగా తిను బాబూ, మెడ మీద కూర్చోడానికి పనికొస్తావు" అన్నాడు.

తర్వాత బుడ్డ కారు. టైర్లకు గాలి కొట్టారు. కరుచుకున్న బ్రేకులను కూతురు సుత్తితో చిన్నగా తట్టి వదిలించింది. అక్క వచ్చి అద్దాలు తుడిచింది. వించ్ తిరిగింది. రెండేళ్ల తర్వాత కారు వెలుతురులోకి వచ్చి, ర్యాంపు ఎక్కి, తెల్ల సున్నాల దగ్గర ఆగింది. నిటారుగా, ఎటూ ఒరగకుండా. అల్లుడు తన పట్టీలు నాలుగు చక్రాలకూ బిగించాడు, పెళ్లికూతురికి రవిక సరిచేసినంత శ్రద్ధగా.

"నేను దానిలోనే కూర్చుంటా" అన్నాడు పెద్దాయన.

"ట్రైలరు మీది బండిలో మనిషి ఉండకూడదు. రూలు."

ఆయన గొణుక్కుంటూ జీపులో ఎడమ పక్క ఎక్కాడు. బండి కదిలింది. వీధి దాటాక ఆయన కిటికీ అద్దాన్ని తనకు కనపడేలా కాస్త తిప్పుకున్నాడు. అద్దంలో బుడ్డ కారు మొహం. రెండు గుండ్రటి దీపాలు. అంతే దూరంలో, అంతే మెల్లగా, వెనకే వస్తోంది. ఆయన మెడ తిప్పలేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

పెద్ద రోడ్డు కూడలి వచ్చింది. కుడికి తిరిగితే తుక్కు కొట్టు. ఎడమకు తిరిగితే కూతురి షాపు. కూతురు వేగం తగ్గించింది. అద్దంలో, మడ్‌గార్డు మీద, ఎడమ దీపం మిణుకుమిణుకుమంది.

పెద్దాయన చిరాకుపడ్డాడు. "చూశావా? నే చెప్పలేదూ? మీ ఆయన మళ్లీ తీగలు తారుమారు చేశాడు. ఎడమది వెలుగుతోంది."

"లేదు నాన్నా" అంది కూతురు. "ఈసారి సరిగ్గానే కలిపారు."

ఆమె స్టీరింగు ఎడమకు తిప్పింది. "బ్రేకులు వదిలాయిగా. ఇంజను కూడా విప్పి చూస్తాను. ఎంతకాలం పడుతుందో తెలీదు. షెడ్డు నాకు, కారు నీకు. సరేనా?"

మలుపులో కారు ఒక్క క్షణం అద్దంలోంచి తప్పిపోయింది. ఆయన చెయ్యి తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. మలుపు తిరిగాక మళ్లీ కనిపించింది. వెనకే.

"అల్లుడూ" అన్నాడు పెద్దాయన, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

వెనక సీట్లో రొట్టె నములుతున్న అల్లుడు ఉలిక్కిపడ్డాడు. "మామయ్యా?"

"దీపాలు బాగా పెట్టావు."